రాతి కొట్టం, తడి గాలి: ఐర్లండ్ పల్లెలో పశువుల్ని ఎలా ఉంచాలి

మీ ప్రశ్న ఇదీ. క్లేర్ కౌంటీలో నాలుగెకరాల పచ్చికతో ఒక పాత ఇల్లు తీసుకున్నారు. పెరట్లో రాతి గోడల కొట్టాలు మూడున్నాయి. రెండు ఆవులు, నాలుగు గొర్రెలు, పది కోళ్లు, వీలైతే ఒక గాడిద, ఒక పంది పెంచాలని ఉంది. ఇక్కడి వానకీ చలికీ అవి తట్టుకుంటాయా? మన ఊళ్లో లాగా రాత్రి చావిట్లో కట్టేసి పొద్దున వదిలితే సరిపోతుందా? ఇక్కడి పాత కుటుంబాలు ఎలా ఉంచేవి?

పెంచవచ్చు. మీ కొట్టాలు కూడా పనికొస్తాయి. కానీ మన గొడ్ల చావిడి ముందుగా ఎండ నుంచి కాపాడటానికి కట్టింది. ఇక్కడి కొట్టానికి పని వేరు. ఆ తేడా నాకు అర్థమయ్యేలోపు ఒక దూడ ప్రాణం పోయింది. ఆ సంగతే ముందు చెబుతాను. నేను చెప్పే మిగతా మాటలన్నీ దాని నుంచి వచ్చినవే.

మాది పల్నాడు. ఇంట్లో నాలుగు గేదెలు, జత ఎడ్లు ఉండేవి. 2005లో నా భార్యకు నర్సు ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చాం. పక్క పొలం పెద్దాయనకు మోకాళ్లు సహకరించక మనిషి సాయం కావాల్సి వచ్చింది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు అని ఒప్పుకున్న పని పద్దెనిమిదేళ్లు చేశాను. 62 ఎకరాలు, ఇరవై చిల్లర ఆవులు, యాభై గొర్రెలు. ఆవులన్నీ పాలు పిండనివే. దూడ తల్లి దగ్గరే తాగి పెరుగుతుంది, పెరిగాక అమ్ముతారు. పడమటి ఐర్లండ్‌లో చిన్న రైతులు ఎక్కువమంది చేసేది ఇదే.

మొదటి డిసెంబర్. ఏడు దూడల్ని రాతి కొట్టంలో పెట్టాం. ఆ రాత్రి సముద్రం వైపు నుంచి గాలి కొడుతుంటే నాకు మనసు ఆగలేదు. గోడల్లో సన్నని నిలువు చీలికలు ఉంటాయి, మీ కొట్టాల్లోనూ ఉంటాయి చూడండి. వాటన్నిటిలో ఎరువుల సంచులు, గడ్డి కుక్కేశాను. సగం తలుపు పై రెక్క కూడా మూసేశాను. లోపల వెచ్చగా అనిపించింది. నిశ్చింతగా ఇంటికొచ్చి పడుకున్నాను. నాలుగో రోజుకి దగ్గు మొదలైంది. వారానికి మూడు దూడలకు జ్వరం, ఎగశ్వాస. ఒకటి పోయింది. చూడటానికి వచ్చిన పశువైద్యుడు దూడ కంటే ముందు గోడ మీద చెయ్యి పెట్టి చూశారు. గోడ తడిగా ఉంది. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. సంచులన్నీ ఒక్కొక్కటే లాగి బయట పడేసి, “గోడకి చెమట పట్టిందంటే, దూడ ఆ చెమటే పీలుస్తున్నట్టు” అన్నారు.

విషయమంతా ఆ మాటలో ఉంది. కడుపు నిండి, ఒళ్లు పొడిగా ఉన్న పెద్ద ఆవు సున్నా డిగ్రీల కంటే కింద కూడా హాయిగా ఉంటుంది. నెమరు వేసే కడుపే దానికి కుంపటి. క్లేర్‌లో అంత చలి కూడా ఏడాదికి కొద్ది రోజులే. కష్టం తడితో వస్తుంది. ఒక్క ఆవు రోజుకి పది లీటర్ల దాకా నీటిని ఊపిరి, చెమట రూపంలో గాల్లోకి వదులుతుంది. మూత్రం, పేడ ఆవిరి దానికి అదనం. ఆ గాలి బయటకు పోయే దారి లేకపోతే కప్పు కింద చల్లబడి చుక్కలుగా రాలుతుంది. ఆ తేమలో సూక్ష్మజీవులు ఎక్కువసేపు బతుకుతాయి. అమోనియా ఊపిరితిత్తుల లోపలి పొరను దెబ్బతీస్తుంది. నిమోనియాకి దారి అదే. ఇక్కడ దూడలకు నేను ‘చలి జబ్బు’ అనుకున్నవాటిలో చాలావరకు మూసిన తలుపుల జబ్బులే.

మూడు వారాల లోపు దూడకు మాత్రం చలి తగులుతుంది. పది డిగ్రీల కంటే తగ్గితే ఒంట్లో వేడి కోసం పాలను ఖర్చు చేసుకుంటుంది. దానికీ మందు తలుపు మూయడం కాదు, మందంగా గడ్డి పరవడం. దూడ పడుకున్నప్పుడు కాళ్లు గడ్డిలో పూర్తిగా మునిగి కనపడకుండా ఉంటే పరుపు సరిపోయినట్టు. ఆ గడ్డిలో మీరు మోకాళ్ల మీద పావు నిమిషం కూర్చోండి. ప్యాంటు తడిస్తే ఆ గడ్డి మార్చాల్సిందే.

ఇక పాతకాలం సంగతి. పెద్దాయన తల్లి తొంభై దాటాక కూడా వంటగది కిటికీ దగ్గర కూర్చుని పెరడు చూస్తూ ఉండేవారు. ఆవిడ చిన్నప్పటి ఆరు ఆవుల పేర్లూ, ఏది ఎవరి పక్కన నిలబడేదీ చెప్పేవారు. ఇప్పుడు నా మాటల్లో చెబుతున్నదంతా ఎక్కువగా ఆవిడ దగ్గర విన్నదీ, ఆ గోడల్లో నేను చూసిందీ.

అప్పట్లో ముప్ఫై ఎకరాలు. ఆరు షార్ట్‌హార్న్ ఆవులు, ఒక గుర్రం, ఒక గాడిద, రెండు పందులు, కోళ్లు, బాతులు, ఒక కుక్క, వాముల దొడ్డిలో ఎలకల కోసం పిల్లులు. నవంబర్ మొదటి వారానికి ఆవులు కొట్టం ఎక్కేవి, ఏప్రిల్‌లో దిగేవి. మెడకు గొలుసు వేసి, నిలువు గుంజకు జారే కడియంతో కట్టేవారు. ఇద్దరిద్దరికి ఒక అర, మధ్య అడ్డంగా నిలబెట్టిన రాతిపలక. వెనక పేడ కాలువ, అది వాలుగా గోడ కన్నంలోంచి బయటి పెంటకుప్పకు పోతుంది. రోజూ ఒకసారి విప్పి నీళ్లకు తోలుకెళ్లేవారు. కింద ఓట్స్ గడ్డి పరిచేవారు. అది చాలకపోతే పొలంలో తడిచోట మొలిచే తుంగలాంటి గడ్డి కోసేవారు. అదీ లేనప్పుడు బాగ్ నుంచి తెచ్చిన పీట్ పొడి. బాగ్ అంటే ఇక్కడి చిత్తడి నేల. అక్కడ కోసి ఎండబెట్టిన మట్టిగడ్డలే వీళ్ల పొయ్యికి కట్టెలు, రాలిన పొడి ఆవుల కింద పరుపు. ఆ పొడి మూత్రాన్ని గడ్డి కంటే బాగా పీల్చుకుంటుంది. వసంతంలో ఆ పెంటంతా బంగాళదుంప మడుల్లోకి వెళ్లేది.

ఇంకా వెనక్కి వెళితే, పడమటి, ఉత్తర ప్రాంతాల్లో మనుషులూ ఆవులూ ఒకే కప్పు కింద ఉన్న ఇళ్లుండేవి. పై కొసన పొయ్యి, మనుషులు. పల్లపు కొసన ఆవులు, మధ్య కాలువ. డొనెగాల్, మేయో వైపు పందొమ్మిదో శతాబ్దంలో కూడా ఇవి కనిపించేవి. పేదరికం ఒక కారణం. కానీ ఆవు ఈ జనానికి ఎంత దగ్గరిదో తెలియాలంటే వీళ్ల భాష చూడాలి. ఐరిష్‌లో ఆవు ‘బో’. రోడ్డుకి వాళ్ల మాట ‘బోహర్’, ఆవులు నడిచే దారి. అబ్బాయిని పిలిచే మాటకి మొదటి అర్థం పశువుల కాపరి. ఫిబ్రవరి 1 సెయింట్ బ్రిజిడ్ పండుగ. ఆ రోజు తుంగతో అల్లిన శిలువ కొట్టం ద్వారం పైన గుచ్చేవారు, ఆవులు సుఖంగా ఈనాలని. మా పెద్దాయన కొట్టంలో పొగచూరిన పాత శిలువలు ఒకదాని పక్కన ఒకటి ఇంకా ఉన్నాయి. సంక్రాంతికి చావిడి ద్వారానికి తోరణం కట్టిన చేతులు నావి. మొదటిసారి వాటిని చూసినప్పుడు కాసేపు అక్కడే నిలబడిపోయాను.

పాత పెరడు మొత్తం ఒకదాన్నొకటి పోషించుకునే ఏర్పాటు. పాలు గాడిద బండి మీద క్రీమరీకి వెళ్లేవి. మన పాల సొసైటీ లాంటిదే. మొదటి సహకార క్రీమరీ 1889లో పక్కనే లిమరిక్ కౌంటీ డ్రమ్‌కొలోహర్‌లో మొదలైంది. అక్కడ వెన్న తీసేసిన పాలు మళ్లీ అదే క్యాన్లో ఇంటికొచ్చి దూడలకీ పందులకీ కుడితి అయ్యేవి. ఉడికించిన చిన్న బంగాళదుంపలు, మజ్జిగ కూడా పందికే. పంది అమ్మిన డబ్బు భూమి కౌలుకు పోయేది. అందుకే దాన్ని ‘కౌలు కట్టే పెద్దమనిషి’ అనేవారు. కోళ్లు ఆడవాళ్లవి. గుడ్ల డబ్బుతోనే టీ, పంచదార, పిల్లల బట్టలు. కొన్ని ఇళ్లల్లో వంటగది గిన్నెల అలమరా కింది అరనే కోళ్ల గూడుగా చేసేవారు. పొయ్యి వెచ్చదనానికి అవి చలికాలంలోనూ నాలుగు గుడ్లు పెడతాయని ఆశ.

ఇప్పుడు మీ కొట్టాలు.

కట్టేయకండి. పాతకాలంలో కట్టడానికి కారణముంది. చేత్తో పాలు పిండాలి, కొమ్ములున్న ఆవులు పొడుచుకుంటాయి, స్థలం తక్కువ. మీకు ఆ అవసరాలేవీ లేవు. మధ్య పలకలు తీయించి, రెండు ఆవుల్ని విడిగా తిరగనివ్వండి. దూడల్ని కట్టడం ఐరోపా నిబంధనల ప్రకారం తప్పు కూడా, మేత వేళ కొద్దిసేపు తప్ప. విడిగా ఉన్న ఆవు తనకి నచ్చిన పొడి చోటు చూసుకుని పడుకుంటుంది. మీకు దాని ఆరోగ్యం నడకలోనే తెలుస్తుంది.

గోడల్లో చీలికలు బయట సన్నగా, లోపల వెడల్పుగా ఉంటాయి. గాలి దూసుకురాకుండా విరిగి, నెమ్మదిగా లోపలికి రావడానికి కట్టినవాళ్లు ఆలోచించి పెట్టారు. కొన్నిచోట్ల ఎవరో సిమెంటుతో పూడ్చి ఉంటారు, తెరిపించండి. గాలి ఆవు తల పైనుంచి లోపలికి రావాలి, వేడెక్కి కప్పు కొన దగ్గర బయటకు పోవాలి. పడుకున్న ఆవు వీపుకి గాలి తగలకూడదు. మీ కప్పు కొనన సందు లేకపోతే, అతి ముఖ్యమైన పని అక్కడే ఉంది. ముడతల రేకు అయితే కొన దగ్గర ఎత్తుగా మరో చిన్న రేకు కప్పి, కింద సందు వదిలిస్తే చాలు. కానీ రేకు పాతది, బూడిద రంగుదైతే అది ఆస్‌బెస్టాస్ సిమెంటు కావచ్చు. తెలుసుకోకుండా డ్రిల్లు పెట్టకండి, పగలగొట్టకండి. దాన్ని తీయడానికి వేరే పనివాళ్లున్నారు.

రాతి గోడకి సిమెంటు పూత వేయించాలని ఎవరైనా చెబితే వద్దనండి. ఆ గోడ సున్నపు మట్టితో కట్టింది, తేమను పీల్చి మళ్లీ వదులుతుంది. సిమెంటు పూస్తే లోపల నీరు నిలిచిపోతుంది. ఏటా వేసవిలో పశువులు బయట ఉన్నప్పుడు కొట్టం కడిగి ఎండబెట్టి సున్నం కొట్టండి. వీళ్ల పాత అలవాటు అది, మనదీ అదే. సున్నం సూక్ష్మజీవుల్ని చంపుతుంది, చీకటి కొట్టంలో వెలుగునిస్తుంది.

పాత తలుపుల మీద రంగు చూశారా? పెచ్చులు లేస్తుంటే గీకించి తీసేయండి, లేదా తలుపే మార్చండి. పాత రంగుల్లో సీసం ఉండేది. దూడలు నాలుకతో ఏదైనా నాకుతాయి, సీసం విషానికి కళ్లు పోయి, ఫిట్స్ వచ్చి చనిపోతాయి. మూలన పడేసిన పాత ట్రాక్టర్ బ్యాటరీ ఉంటే ఈ రోజే బయట పెట్టండి. పశువుల్ని తేవడానికి ముందు మీరు చేయాల్సిన మొదటి పని ఇదే అంటాను.

పరుపు కోసం గడ్డి దొరకడం మీ వైపు కష్టం. గోధుమ, బార్లీ పండేది తూర్పున, దక్షిణాన. పడమటికి గడ్డి రావాలంటే లారీ కిరాయి. 1970ల తర్వాత ఇక్కడి రైతులు కాంక్రీటు పలకల మధ్య సందులున్న నేల, కింద పేడ తొట్టి ఉన్న షెడ్లకు మారడానికి ఇదొక పెద్ద కారణం. మీ పొరుగున ఉండేవి అవే. వాటిని చూసి ‘పరుపు కూడా వేయరా’ అని చాలామంది మనవాళ్లు బాధపడతారు. కాళ్లకు అది మెత్తన కాదు, నిజమే. ఇప్పుడు చాలామంది రబ్బరు పరుపులు వేస్తున్నారు. మీకు రెండే ఆవులు కాబట్టి గడ్డి ఖర్చు భరించగలరు. రోజూ పైపైన కొత్త గడ్డి వేస్తూ పోండి. కింది పొర ముగ్గి వేడినిస్తుంది. వసంతంలో ఒకేసారి ఎత్తండి.

ఆ షెడ్ల విషయంలో ఒక హెచ్చరిక. సాయానికి వెళ్లినప్పుడు పొరుగాయన పేడ తొట్టి కలియబెడుతుంటే దరిదాపుల్లో ఉండకండి. కలిపిన మొదటి నిమిషాల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఒక్కసారిగా లేస్తుంది. ఎక్కువ మోతాదులో దానికి వాసన కూడా తెలియదు, ఒకటి రెండు ఊపిరులకే మనిషి పడిపోతాడు. పడిన వాణ్ణి ఎత్తడానికి వెళ్లినవాడూ పోయిన ఇళ్లు ఈ దేశంలో ఉన్నాయి. పశువులన్నిటినీ బయటకు తోలి, అన్ని తలుపులూ తెరిచి, గాలి ఉన్న రోజు చూసి కలపడం మొదలుపెట్టి, కనీసం అరగంట దూరంగా ఉండాలి. పిల్లల్ని ఆ రోజు పెరట్లోకే రానివ్వకూడదు.

పశువుల్ని అసలు లోపల ఎందుకు పెట్టాలి, చలి సమస్య కానప్పుడు? నేల కోసం. నవంబర్ నుంచి మార్చి దాకా గడ్డి దాదాపు పెరగదు, వాన మాత్రం ఆగదు. ఐదు వందల కిలోల ఆవు తడి నేల మీద తిరిగితే గిట్ట దిగిన ప్రతిచోటా గుంట. పచ్చిక వేళ్లు తెగుతాయి, నేల గట్టిపడుతుంది, ఆ గుంటల్లో తుంగ మొలుస్తుంది. నాలుగెకరాల్లో ఒక్క చలికాలం అలా వదిలారంటే మరుసటి మే నెలలో మీకు మేత ఉండదు. అందుకే నేను మిమ్మల్ని పెద్ద జాతుల జోలికి పోవద్దంటున్నాను. డెక్స్‌టర్ ఆవులు చిన్నవి, మూడు వందల కిలోల పైచిలుకు. కెర్రీ ఆవులు ఇంకాస్త పెద్దవి, నల్లగా, సన్నని కాళ్లతో చూడముచ్చటగా ఉంటాయి. రెండూ ఈ దేశపు నైరుతి మూల పుట్టినవే, ఈ తడికీ పేద గడ్డికీ అలవాటుపడ్డవి. డెక్స్‌టర్ ఆవుకు రోజుకి ఏడెనిమిది కిలోల ఎండుగడ్డి లెక్కన 150 రోజులకి రెండింటికీ రెండున్నర టన్నుల లోపు పడుతుంది. 250 కిలోల గుండ్రటి కట్టలు పది. నేనైతే పన్నెండు కొంటాను. ఏప్రిల్‌లో గడ్డి ఆలస్యమైన ఏళ్లు నేను చూశాను. అప్పుడు ఊరందరికీ ఒకేసారి కావాలి, ఎవరి దగ్గరా ఉండదు.

మీ కౌంటీలోనే దీనికి పూర్తిగా తిరగబడ్డ పద్ధతి ఒకటుంది. బరెన్ సున్నపురాయి కొండలకి అక్టోబర్ చివర ఆవుల్ని పైకి తోలుతారు, వసంతంలో దింపుతారు. మిగతా లోకంలో వేసవికి కొండెక్కితే ఇక్కడ చలికాలానికి ఎక్కడం. ఆ రాయి నీటిని నిలవనివ్వదు, కాబట్టి పడుకోవడానికి పొడి చోటు ఉంటుంది. వేసవి వేడిని దాచుకుని నెమ్మదిగా వదులుతుంది. ఆవులు ముదురు గడ్డి తినేయడం వల్లే మే నెలలో రాళ్ల సందుల్లో నీలి జెన్షియన్ పూలు పూస్తాయి. ఏటా అక్టోబర్ చివరి వారాంతంలో ఊరంతా నడిచి ఆవుల్ని కొండెక్కించే పండుగ జరుగుతుంది. తప్పకుండా వెళ్లండి. పశువుకి కావలసింది నాలుగు గోడలు కాదు, పొడి పడక, గాలి మరుగు అని అక్కడ కళ్లారా తెలుస్తుంది.

గొర్రెలకు కొట్టం అక్కర్లేదు. ఉన్ని చాలు. గాలి మరుగుకి ఒక రాతి గోడ, ఈనే వేళ మార్చిలో ఇంటి దగ్గరి గడ్డి మడి ఉంటే సరిపోతుంది. తల్లి వదిలేసిన పిల్లను మాత్రం వంటగదిలో పొయ్యి పక్కన అట్టపెట్టెలో పెట్టి పాలు పట్టడం ఇప్పటికీ ప్రతి ఇంట్లో ఉంది. తడి నేలలో గొర్రెకు గిట్టల కుళ్లు వస్తుంది, వేసవిలో తోక దగ్గర ఈగ గుడ్లు పెట్టి పురుగు పడుతుంది. జూన్‌లో ఉన్ని కత్తిరించాలి. ఆవుల ఖనిజ లవణాల దాణా గొర్రెలకు పెట్టకండి. అందులోని రాగి వాటికి విషం. గొర్రెలకీ ఆవులకీ రెండింటికీ ఈ తడి నేలలో పెద్ద ముప్పు కార్జపు జలగ. బురదలో ఉండే ఒక చిన్న నత్త ద్వారా వస్తుంది. మీ పొలంలో తుంగ ఉందంటే ఆ నత్త ఉందనుకోండి. కొట్టం ఎక్కించే వేళ ఏ నట్టల మందు, ఎప్పుడు పట్టాలో పశువైద్యుణ్ణి అడగండి. పిల్ల జలగల్ని కొన్ని మందులే చంపగలవు.

గాడిద గురించి జాగ్రత్త. ఐర్లండ్ బొమ్మల్లో గాడిద లేని పల్లె ఉండదు గానీ, అది పొడి దేశాల జంతువు. దాని వెంట్రుకలు గుర్రానికి ఉన్నట్టు వాన నీటిని అడ్డుకోవు. ఏడాది పొడవునా అది తనంతట తాను వెళ్లి నిలబడేలా తెరిచి ఉన్న పొడి కొట్టం కావాలి. పచ్చిక ఎక్కువ తింటే గిట్టల వాపు వస్తుంది. ఒంటరిగా ఉంటే దిగులుపడుతుంది, కాబట్టి రెండు ఉండాలి. నాలుగెకరాల్లో ఆవులతో పాటు రెండు గాడిదలకు చోటు లేదని నా అభిప్రాయం.

పందిని కూడా ఇప్పుడు వద్దంటాను. అది మూతితో నేల తిరగేస్తుంది, మీ తడి పచ్చికకి ఒక్క నెల చాలు. పైగా వంటింటి మిగుళ్లు దానికి పెట్టడం చట్టరీత్యా నేరం. పాత కుటుంబాల పంది బతికిందే వాటి మీద, కానీ ఆ కాలం పోయింది. 2001లో లౌత్ కౌంటీలో గాలికుంటు బయటపడినప్పుడు దేశం మొత్తం స్తంభించింది. మిగుళ్లలోని మాంసం ద్వారా అలాంటి జబ్బులు వస్తాయి. ఈ నిబంధన కోళ్లకూ ఉంది. మిగిలిన అన్నం కోళ్లకు వేయడం మనకి ఊహ తెలిసినప్పటి నుంచి అలవాటు. వంటింట్లోకి వెళ్లొచ్చిన తిండి ఏదీ, కూరగాయ తొక్కయినా, ఇక్కడ వేయకూడదు. తోటలోంచి నేరుగా కోసిన ఆకు వేయవచ్చు.

కోళ్లకు మీ మూడు కొట్టాల్లో చిన్నది బాగుంటుంది. డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి పడుతుంది. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి నక్క వచ్చి వెళ్లిపోతుంది. చీకటికి తనంతట మూసుకునే తలుపు కొనండి. పైన్ మార్టెన్ అనే ముంగిస లాంటి జంతువు కూడా మీ వైపు ఉంది, పిడికిలి కంటే చిన్న సందులోంచి కూడా దూరుతుంది. దాన్ని చంపడం నిషేధం, కాబట్టి జాలీ బిగించడమే దారి. బర్డ్ ఫ్లూ ఉన్న కొన్ని చలికాలాల్లో ప్రభుత్వం కోళ్లన్నిటినీ లోపలే ఉంచమంటుంది. అప్పటికి కూడా సరిపోయే చోటు చూసుకోండి.

కాగితాల పని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక్క గొర్రెను తేవాలన్నా ముందు వ్యవసాయ శాఖ నుంచి హెర్డ్ నంబర్, అంటే మీ మందకి నమోదు సంఖ్య, రావాలి. కోళ్లకీ నమోదు ఉంది. దూడకి ఇరవై రోజుల లోపు రెండు చెవులకీ ట్యాగులు వేయాలి, ఆ వెంటనే నమోదు చేయాలి. ఆవులకు ఏటా టీబీ పరీక్ష తప్పనిసరి. ఈ దేశం 1954 నుంచి ఆ జబ్బుతో పోరాడుతోంది, ఇంకా పోలేదు. చనిపోయిన పశువును పొలంలో పూడ్చకూడదు, లైసెన్సు ఉన్నవాళ్లకి ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్తారు. పెంటకుప్ప ఊట వాగులోకి పోకూడదు, నవంబర్ 1 నుంచి జనవరి మధ్య దాకా పెంట చల్లకూడదు. జూలైలో పసుపు పూలు పూసే ర్యాగ్‌వర్ట్ కలుపు కనిపిస్తే వేళ్లతో పీకండి. అది ఎండుగడ్డిలో కలిసినా ఆవు కార్జాన్ని పాడు చేస్తుంది. 1936 చట్టం ప్రకారం దాన్ని పెరగనివ్వడం నేరం.

ఏప్రిల్‌లో మీ కొట్టంలోకి వానకోవెలలు వస్తాయి. దూలాల మీద మట్టి గూళ్లు కడతాయి. సగం తలుపు పై రెక్క వాటి కోసం కూడా తెరిచి ఉంచండి, పశువుల మీది ఈగల్ని అవే తింటాయి. గబ్బిలాలు ఉంటే కప్పు పని మొదలుపెట్టే ముందు అడిగి తెలుసుకోండి. వాటికి చట్టరక్షణ ఉంది.

కిల్లార్నీ దగ్గర మక్రాస్‌లో కరెంటు రాకముందటి, 1930ల నాటి పొలాల్ని పశువులతో సహా నడుపుతున్నారు. కోళ్ల గూడు నుంచి కెర్రీ ఆవుల దాకా అన్నీ పాత పద్ధతిలో ఉంటాయి. ఒక రోజు పెట్టుకుని పిల్లలతో వెళ్లండి. అక్కడి పనివాళ్లు ఏదడిగినా ఓపికగా చెబుతారు.

ఈ ఏడాది ఆవుల్ని కొనకండి. కోళ్లతో మొదలుపెట్టి, ఒక పూర్తి చలికాలం మీ నేలనీ కొట్టాల్నీ చూడండి. గట్టిగా గాలి వీచే రోజున, లోపల గడ్డి లేనప్పుడు, ఒక అగరుబత్తి వెలిగించి ఆవు పడుకునే ఎత్తులో మూలమూలకీ పట్టుకుని తిరగండి. పొగ అడ్డంగా ఊడ్చుకుపోతే అక్కడ చలిగాలి కొడుతున్నట్టు, ఒక పలక అడ్డం పెట్టాలి. పొగ అక్కడే సుడి తిరుగుతూ నిలిచిపోతే అక్కడ గాలి ఆడట్లేదు, పైన సందు తెరవాలి. ఏ గోడ తడుస్తుందో, పెరట్లో నీళ్లు ఎటు పారుతున్నాయో, ఏ గడ్డి మడి ముందు ఆరుతుందో రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని మార్చిలో ఇక్కడ మళ్లీ రాయండి. ఆవుల్ని ఎక్కడ కొనాలో, ఏ వయసువి కొనాలో అప్పుడు చెబుతాను.